సముద్రం అడుగున మేత

చేవెళ్ల దవాఖానలో శివయ్య కుడి చెవిలోకి డాక్టరు టార్చి వేసి చూశాడు. ఎడమ చెవిలోకీ చూశాడు. "లోపల పొర చిరిగింది. ఇక తల నీళ్ళలో ముంచితే రెండు చెవులూ పోతాయి" అని చీటీ మీద మందు రాసిచ్చాడు. శివయ్యకు ఆ మాట సగమే వినిపించింది. మిగతా సగం పక్కన నిలబడ్డ కూతురు నిర్మల గట్టిగా అరిచి చెప్పింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు.

శివయ్యకు తెలిసిన పని బావుల్లో దిగడం. ఆ రోజుల్లో చేవెళ్ల చుట్టుపక్కల ప్రతి చెలకలోనూ ఒక బావి ఉండేది. మోటర్లు జారిపడేవి, గొట్టాల చివరి ఫుట్‌వాల్వులు ఊడిపోయేవి. బిందెలు పడేవి, మేకలు పడేవి, ఒక్కోసారి మనుషులు కూడా. ఏది పడ్డా పది ఊళ్ళవాళ్ళు శివయ్య ఇంటికే వచ్చేవాళ్ళు. నడుముకు తాడు కట్టుకుని, రొమ్ము నిండా గాలి పీల్చుకుని ఆయన దిగితే, పడ్డది పైకి రావాల్సిందే. నిర్మల ఐదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆయన వెంట తిరిగింది. బెండు కట్టుకుని ఈత నేర్చింది, బెండు విప్పేసి మునగడం నేర్చింది.

దవాఖాన నుంచి వచ్చిన మూడోనాడు పొద్దున్నే చిన్నయ్య అనే రైతు వచ్చి గడప మీద కూలబడ్డాడు. మోటరు బావిలో పడ్డది, క్యారెట్ చేను ఎండుతున్నది. శివయ్య తన చెవి చూపించి చేతులు తిప్పాడు. చిన్నయ్య లేవలేదు.

"బాపూ, నేను దిగుత. నువ్వు తాడు పట్టుకో" అంది నిర్మల.

శివయ్యకు ఈసారి పూర్తిగానే వినిపించినట్టుంది. చాలాసేపు కూతురి ముఖంలోకి చూశాడు. బావి దగ్గర ఆమె నడుముకు తాడు తానే కట్టాడు, ముడి రెండుసార్లు లాగి చూశాడు.

"నీళ్ళల్ల ఎన్నడూ నోరు తెరవకు బిడ్డా. ఊపిరి తీసుకోవాలని ఎంత పానం పీకినా తెరవకు. గదొక్కటి యాది పెట్టుకో. మిగిలిందంతా నీ చేతులకే తెలుస్తది."

అలాగే జరిగింది. పైన నాలుగు మూరలు పచ్చని వెలుగు, ఆ కింద చీకటి. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. నిర్మల మూసుకుంది. చేతులు చాచి రాయి, బురద, కుళ్ళిన కొమ్మ అని ఒక్కొక్కటే తడిమి గుర్తు పట్టింది. మోటరు బురదలో సగం కూరుకుపోయి ఉంది. వెంట తెచ్చిన రెండో తాడు దానికి కట్టి, రెండుసార్లు గుంజింది. పైన శివయ్య, చిన్నయ్య, ఇంకో నలుగురు కలిసి లాగారు. ఆ సాయంత్రం చిన్నయ్య చేనుకు నీళ్ళు పారాయి.

ఆ పైన ఇరవై ఏళ్ళకు పైగా ఆమె ఆ పని చేసింది. మొయినాబాద్ పక్క ఊరి హన్మంతుతో పెళ్ళయ్యాక అత్త సంగమ్మ మొదట్లో ఒప్పుకోలేదు. "కోడలు బాయిల దునుకుడేంది, నలుగురు నవ్వరా?" అని తలుపు దగ్గర అడ్డం కూర్చునేది. ఆ ఏడాదే సంగమ్మ సొంత బావిలో మోటరు పడ్డది. అప్పుడు తాడు పట్టుకున్నది సంగమ్మే. తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

బావులే మెల్లగా పోయాయి. బోర్లు వచ్చాక బావుల్లో నీళ్ళు అడుగంటాయి. చేలు ప్లాట్లయ్యాక ఒక్కొక్కటిగా పూడ్చేశారు. మోకిల దిక్కున నిర్మల దిగిన బావుల మీద ఇప్పుడు మేడలున్నాయి, వాటి ముందు కార్లున్నాయి. ఆమెను పిలవడానికి ఎవరూ రావడం లేదు. భార్యాభర్తలిద్దరూ మొయినాబాద్ దగ్గర ఒక ఫాంహౌస్‌లో పనికి కుదిరారు. హన్మంతు గేటు, మోటర్లు చూస్తాడు. నిర్మల పూలమళ్ళు చూస్తుంది. సంగమ్మ కూడా వాళ్ళతోనే అక్కడి చిన్న ఇంట్లో ఉంటుంది.

ఆ ఫాంహౌస్‌లో ఒక ఈతకొలను ఉంది. ఒక పాత బావి కూడా ఉంది. కొలనును శని, ఆదివారాల్లో రంజిత్ అనే అతను కిరాయికి తీసుకునేవాడు. మెహిదీపట్నం మనిషి. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో ఎలా దిగాలో నేర్పుతాడు. ముందు కొలనులో నేర్పి, తర్వాత అండమాన్ తీసుకుపోయి అసలు సముద్రంలో దించుతాడు. మళ్ళలో కలుపు తీస్తూ నిర్మల ఈ తతంగమంతా చూసేది. నిలువెత్తు నీళ్ళకు ఇన్ని సామాన్లా అని ఆమెకు నవ్వొచ్చేది.

పోయిన ఏడాది వానలు గట్టిగా పడ్డాయి. దీపావళి దాటినా బావిలో ముప్పై అడుగుల నీళ్ళు నిలిచాయి. దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఐదుగురు ఆడపిల్లలు నేర్చుకోవడానికి వచ్చారు. విరామంలో వాళ్ళు బావి చూస్తామంటే రంజిత్ వెంట వెళ్ళాడు. గట్టు మీద వంగి చెయ్యి చాపి ఏదో చూపిస్తుంటే, అతని చేతి గడియారం పట్టీ తెగి నీళ్ళలో పడిపోయింది. అది మామూలు గడియారం కాదు. నీటి అడుగున ఎంత లోతున ఉన్నాడో, ఎంతసేపు ఉండొచ్చో చెప్పేది.

"సిలిండర్ పట్టుకురండి, నేనే దిగుత" అన్నాడు రంజిత్.

"దానికి సిలిండర్ ఎందుకు సార్? నేను తీస్త." మళ్ళ దగ్గర నుంచి లేచి వచ్చింది నిర్మల. వారించే లోపే కొంగు నడుముకు బిగించి, మెట్ల మీద నుంచి చప్పుడు లేకుండా జారిపోయింది.

నీళ్ళు మూసుకున్నాయి. నిమిషం గడిచింది. రంజిత్ చొక్కా విప్పాడు. "హన్మంతన్నా!" అని గేటు వైపు కేకేశాడు. హన్మంతు తీరిగ్గా నడిచొచ్చి, "ఫికర్ చెయ్యకు సార్, వస్తది" అన్నాడు. రెండు నిమిషాలు. ఆడపిల్లల్లో ఒకతె ఏడుపు మొదలుపెట్టింది. సింధుజ అనే పిల్ల మాత్రం ఫోన్‌లో సెకండ్లు చూస్తోంది. రెండు నిమిషాల నలభై దగ్గర నీళ్ళు చీల్చుకుని నిర్మల తల బయటికొచ్చింది. చేతిలో గడియారం.

రంజిత్ మెట్ల మీద కూర్చుండిపోయాడు. "ఆ చీకట్ల ఎట్ల కనిపించిందక్కా?"

"కనిపించదు సార్. నేను కండ్లు మూసుకునే దిగుత. చేతులకు తెలుస్తది."

"ఎన్నేండ్ల సంది?"

"పద్నాలుగేండ్లప్పటి సంది."

రంజిత్ ఆమె చేతిలోని గడియారం అందుకున్నాడు. "అంటే ఇన్నేండ్లు నీళ్ళల్ల ఉండి కూడ నువ్వు నీళ్ళ లోపల ఏం చూడలేదన్నట్టు."

ఆ మాట అతను మామూలుగానే అన్నాడు. నిర్మల మాత్రం ఆ రాత్రి అన్నం తింటూ తింటూ మధ్యలో చెయ్యి ఆపింది.

ఆడపిల్లల అండమాన్ ప్రయాణం సంక్రాంతి తర్వాత ఖాయమైంది. సింధుజ తండ్రి చందనవెల్లిలో ఫ్యాక్టరీలో చేస్తాడు. తల్లి ఒకటే పట్టు పట్టింది: పెద్ద మనిషి, ఆడామె తోడుంటేనే పిల్లను పంపుతానంది. మిగతా తల్లులూ అదే మాట అందుకుని, తోడొచ్చే ఆమె ఖర్చు తలా ఇంత వేసుకుంటామన్నారు. రంజిత్ తల పట్టుకుంటే సింధుజే అంది, "నిర్మలక్క ఉన్నది కదా సార్."

ఇంట్లో ఈ కబురు చెప్పినప్పుడు హన్మంతుకు అర్థం కాలేదు.

"సముద్రంల ఏం పడ్డదే, నువ్వు పోయి తియ్యనీకి?"

"ఏం పడలే. చూడనీకి పోత."

"చూడనీకా?"

మంచం మీద నుంచి సంగమ్మ అందుకుంది. "లోకంల చూడనీకి పోయేటోళ్ళు లేరారా? పోనియ్యి. పూలచెట్లకు నీళ్ళు నేను పడ్త."

అలా నిర్మల మొదటిసారి విమానం ఎక్కింది, మొదటిసారి ఓడ ఎక్కింది. ఓడలో ఐదుగురు పిల్లలకూ కడుపులో తిప్పితే ఒక్కొక్కరి తలా పట్టుకుని కూర్చుంది. వాళ్ళు పడుకున్నాక పైకొచ్చి రెయిలింగ్ పట్టుకుంది. ఆమెకు తెలిసిన నీళ్ళన్నిటికీ చుట్టూ రాతిగోడ ఉండేది. ఇక్కడ ఆ వైపు గోడ కోసం చూపు పోయి పోయి, ఎక్కడా ఆనుకోలేదు. ముదురు నీలం, ఆ పైన లేత నీలం, అది ఆకాశం. ఇంత నీరు ఉందని ఎవరూ తనకు ఎందుకు చెప్పలేదా అనిపించింది. చెప్పే ఉంటారు, బడిలో చదివే ఉంటుంది. కానీ అది ఇదని తెలియలేదు.

దిగిన దీవి చిన్నది. పేరు నీల్ అన్నారు. ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిచే పోవచ్చు. సముద్రం ఒడ్డునే వంకాయ తోటలు, బెండ మడులు, వరి కొయ్యకాళ్ళు చూసి నిర్మల ఆశ్చర్యపోయింది. ఎప్పుడో బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊళ్ళవి. పడవ నడిపే బిశ్వాస్ అనే అరవై ఏళ్ళ మనిషి కూడా వాళ్ళలో వాడే. పొద్దున పడవ, మధ్యాహ్నం తోట. అతని బెంగాలీ హిందీకి నిర్మల తన హైదరాబాద్ ఉర్దూతో జవాబిచ్చింది. మొదటి రోజే ఇద్దరూ వంకాయ పురుగు గురించి అరగంట మాట్లాడుకున్నారు.

మర్నాడు రొమ్ములోతు నీళ్ళలో రంజిత్ అందరికీ సిలిండర్లు కట్టాడు. పిల్లలు కొలనులో నేర్చుకున్నట్టే గాలి గొట్టం నోట పెట్టుకుని మునిగి, బుడగలు వదిలారు. నిర్మలకు కూడా ఒకటి కట్టాడు. ఆమె గొట్టం పళ్ళతో పట్టుకుని తల ముంచింది. అంతే, రొమ్ము బిగుసుకుపోయింది. గాలి గొట్టంలో ఉంది, పీల్చాలి. ఒళ్ళు ఒప్పుకోలేదు. మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లూ ఊపిరి బిగబట్టే ఉండి, పైకి లేచి గొట్టం తీసేసింది.

"సార్, నాతోని కాదు. మా బాపు నీళ్ళల్ల నోరు తెరవద్దన్నడు. నేను తెరుద్దామన్నా నా పానం తెరుస్తలేదు."

పిల్లలు నవ్వారు. నిర్మల కూడా నవ్వింది, కానీ ముఖం చిన్నబోయింది. ఇంత దూరం వచ్చి ఒడ్డున చెప్పుల కాపలా కాయాలేమో అనుకుంది.

రంజిత్ సిలిండరు విప్పేశాడు. "నీకు ఇది ఎందుకక్కా? నీ ఊపిరి నీకున్నది. ఈ అద్దం పెట్టుకో చాలు." కళ్ళకూ ముక్కుకూ కలిపి పట్టేసే అద్దం అది. కాళ్ళకు పెద్ద పెద్ద రబ్బరు రెక్కలూ ఇచ్చాడు. వాటిని చూసి "చేటలు కట్టుకుని ఎట్ల ఈదాలె?" అని ఆమె పక్కన పెట్టేసింది. "రెండు మాటలు మాత్రం విను. నేను పక్కన లేనిదే మునగొద్దు. అడుగున దేన్నీ ముట్టొద్దు, తొక్కొద్దు. అక్కడ రాయిలెక్క కనిపించేది కూడ పానమున్నదే."

బిశ్వాస్ పడవను కొంచెం లోపలికి తీసుకుపోయి ఆపాడు. నిర్మల నీళ్ళలోకి జారింది. పాత అలవాటుతో కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది. ముందు వినిపించింది. బావి లోపల ఏ చప్పుడూ ఉండదు, తన గుండె తప్ప. ఇక్కడ చుట్టూ చిటపటమంటూ మూకుడులో మక్క పేలాలు వేగుతున్నట్టు ఒకటే మోత. ఎవరు చేస్తున్నారీ చప్పుడు అని కళ్ళు తెరిచింది.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆమె ఎన్నిసార్లు చెప్పబోయినా ఒకే చోట ఆగిపోయేది. అడుగు కనిపించింది. నాలుగు నిలువుల కింద అడుగు, చేతి గీతలంత స్పష్టంగా! బురద లేదు, చీకటి లేదు. ఎండ నీళ్ళలోకి పలకలు పలకలుగా దిగి ఇసుక మీద వల పరిచినట్టు కదులుతోంది. ఆ వెలుగులో ఒక తోట. కోడిజుట్టు పూలలా ముడతలు ముడతలుగా ఉన్నవి, జింక కొమ్ముల్లా చీలినవి, గొడుగుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకున్నవి. ఊదా, ఆవపూల పసుపు, గులాబీ. వాటి సందుల్లోంచి చేపలు. ఆమెకు తెలిసిన చేప బూడిదరంగుది. ఇక్కడ నీలి చేపలు వందలకొద్దీ ఒకేసారి మళ్ళి, ఒకేసారి మెరిసి, మాయమయ్యాయి. చిలకలాంటి ఆకుపచ్చ చేప ఒకటి పగడపు రాయిని కటుక్కున కొరికింది. ఆ కొరికిన చప్పుడు కూడా వినిపించింది.

ఆమె మునిగింది. ముక్కు నొక్కి చెవుల బరువు సర్దుకుంటూ అడుగుదాకా దిగి, దేన్నీ ముట్టకుండా చేతులు రొమ్ముకు ఆనించుకుని నీళ్ళలో వేలాడింది. ఆ చేతులకు ఇన్నేళ్ళలో మొదటిసారి పని లేకుండా పోయింది. చారల చేప ఒకటి ఆమె అద్దం ముందుకొచ్చి, లోపల ఎవరున్నారన్నట్టు చూసింది. ఊపిరి అయిపోయేదాకా ఉండి పైకొచ్చినప్పుడు అద్దం లోపల అడుగున కాసిన్ని నీళ్ళున్నాయి.

"అద్దం కారుతున్నదా అక్కా?" రంజిత్ అడిగాడు.

"కారుతలేదు సార్." అద్దం తీసి ముఖం తుడుచుకుంది. "కండ్లే."

ఆ తర్వాత ఆమెను పడవ ఎక్కించడం కష్టమైంది. పిల్లలు రోజుకు రెండుసార్లు దిగితే ఆమె ఇరవైసార్లు మునిగేది. ఆమె మునిగినంతసేపూ రంజిత్ పైన తేలుతూ కనిపెట్టుకుని ఉండేవాడు. రాత్రి పిల్లలు చేపల పేర్లు పుస్తకంలో వెతుక్కుంటుంటే ఆమె తన పేర్లు తాను పెట్టుకుంది. గునుగు పువ్వు చేప, బొట్టు చేప, అత్తమ్మ చేప. ఆ చివరిది మూతి ముడుచుకుని బొరియ ముందు కాపలా కూర్చునేది.

నాలుగో రోజు పగడాలు దాటి, ఒడ్డుకు దగ్గరగా ఉన్న చోట పడవ ఆగింది. అక్కడ పగడాలు లేవు. ఇసుక నేల మీద గడ్డి. పిల్లలకు అది నచ్చక పడవలోనే ఉన్నారు. నిర్మల మాత్రం దిగింది. సముద్రం అడుగున గడ్డి మొలుస్తుందని ఆమె ఎన్నడూ వినలేదు. పచ్చిక బీడులా ఎంత దూరమో పరుచుకుని, అలకు ఒక పక్కకు వాలి, మళ్ళీ రెండో పక్కకు వాలుతోంది. బోర్లా తేలుతూ దాని మీదుగా పోతూ పోతూ ఒక చోట ఆగింది.

గడ్డి మధ్యలో ఒక బాట ఉంది. జానెడు వెడల్పు, వంకర టింకరగా పది బారల పొడవున, వట్టి ఇసుక. దాని పక్కన ఇంకొకటి, కొంచెం అవతల మరొకటి. అంచుల్లో పీకిన గడ్డిపోచలు ఇంకా పచ్చగా తేలుతున్నాయి. పెళ్ళికి ముందు రెండు బర్రెలను కాచిన మనిషి ఆమె.

పైకొచ్చి, "సార్, ఈడ ఏదో మేసింది" అంది.

"మేసుడా? లంగరు గీసుకుపోయి ఉంటదక్కా."

"లంగరు గీస్తే నేరుగ పోతది. ఇది తిరిగి తిరిగి మేసింది. వేర్లతోని సహా పీకింది. పెద్ద పానం సార్, మూతే జానెడున్నది. పొద్దుగాలనే మేసినట్టున్నది, పోచలింకా వాడలే."

రంజిత్ బిశ్వాస్ వైపు చూశాడు. బిశ్వాస్ బీడీ సముద్రంలో పడేయబోయి, ఆగి, పడవ చెక్కకు నలిపి జేబులో వేసుకున్నాడు. "డుగాంగ్" అన్నాడు మెల్లగా. "సముద్రపు ఆవు. మా నాయన కాలంలో కనిపించేవట. నేను మూడుసార్లు చూశాను, అదీ దూరం నుంచి."

రంజిత్ ఈ సముద్రంలోకి పదకొండేళ్ళుగా వస్తున్నాడు. ఒక్కసారి కూడా చూడలేదు. చేప కాదు, పాలిచ్చే జంతువు అని పిల్లలకు చెప్పాడు. బర్రె అంత ఉంటుంది, గడ్డి తప్ప ఇంకేమీ తినదు, మన దేశంలో కొన్ని వందలే మిగిలాయి. అది చేపలా నీళ్ళలో ఊపిరి పీల్చలేదు, పైకి రావాలి.

"పైకొచ్చి గాలి తీసుకోని మళ్ళ మునుగుతదా?" నిర్మల అడిగింది. "నా లెక్క?"

"అచ్చం నీ లెక్కనే."

మేత దొరికిన చోటికి పశువు మళ్ళీ వస్తుందని నిర్మల పట్టుబట్టింది. పోటు వచ్చినప్పుడు వస్తుందని బిశ్వాస్ అన్నాడు. మర్నాడు తెల్లవారి పోటు వేళకు ఇంజను ఆపేసి, తెడ్డుతో పడవను ఆ గడ్డి అంచుకు చేర్చాడు. రెండు గంటలు చూశారు. రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పిల్లల్లో నలుగురు నిద్ర చాలక మూడోరోజు మానేశారు. సింధుజ ఒక్కతే వచ్చింది.

ఆ మూడో పొద్దున సముద్రం నూనె పోసినట్టు కదలకుండా ఉంది. నిర్మల పడవ అంచు పట్టుకుని నీళ్ళలోనే ఉంది, పక్కన రంజిత్. అతను సిలిండరు తేలేదు. బుడగల చప్పుడు దానికి బెదురు. దగ్గరికి పోవద్దు, అదే వస్తే కదలొద్దు, వెంటపడొద్దు అని ముందే చెప్పాడు. నిర్మల ముఖం ముంచి గడ్డి వైపు చూస్తోంది.

దూరంగా ఇసుక పొగలా లేచింది. ఆమె గాలి నింపుకుని, నీరు కదలకుండా అడుగుకు దిగి గడ్డికి జానెడు పైన నిలిచింది. ఆ పొగ మెల్లగా ఇటే వస్తోంది. ముందుగా చిన్న చిన్న పసుపు చేపలు కనిపించాయి, నల్ల చారలవి, ఏడో ఎనిమిదో. బర్రె ముందు కొంగలు నడిచినట్టు అవి ముందు నడుస్తున్నాయి. వాటి వెనక పొగ విడిపోయి, అది వచ్చింది.

ఎంత పెద్దది! ఎద్దుబండి అంత పొడవు. బూడిద, గోధుమ కలిసిన ఒళ్ళు, వీపు మీద పాత గాట్లు. వెడల్పాటి మూతి నేలకు ఆనించి, ముందరి రెండు పొట్టి రెక్కలతో ఇసుక మీద నడుస్తున్నట్టు కదులుతూ మేస్తోంది. గడ్డి కరకరమని తెగుతున్న చప్పుడు నిర్మలకు వినిపించింది. తల విదిలించి వేర్ల ఇసుక దులుపుకుంటోంది. చిన్నప్పుడు చెలకలో కూర్చుని గంటల తరబడి విన్న చప్పుడది. అదే తొందరలేనితనం. ఇంత సముద్రం అడుగున, ఎవరూ కాపలా లేకుండా, ఎవరూ కట్టేయకుండా, ఒక పశువు తన పాటికి తాను మేస్తోంది.

నిర్మల కదలలేదు. అది ఐదు బారల దూరానికి వచ్చింది. నాలుగు. ఆగి తల ఎత్తింది. ముడతల మధ్య గింజంత కన్ను. ఆ కన్ను ఆమెను చూసింది. బెదరలేదు. ఎంతసేపు చూసిందో ఆమెకు తెలియదు, రొమ్ములో మాత్రం గాలి అయిపోవచ్చింది. పైకి పోవాలి, పోతే ఇది బెదిరి పారిపోతుందేమో. ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అని ఆగింది.

అప్పుడు ఆ పెద్ద ఒళ్ళు నేల నుంచి లేచింది. తోక ఒక్కసారి కిందికి కొట్టి పైకి సాగింది. నిర్మల కూడా కాలు కదిపింది. ఇద్దరూ పక్కపక్కనే, మధ్య నాలుగు బారల నీళ్ళతో, వెలుగులోకి లేచారు. ఆమె తల నీళ్ళు దాటిన క్షణానే అవతల ఒక తడి ముక్కు నీళ్ళు దాటింది. ఆమె "హా" అని గాలి తీసింది. అది "భుస్సు"మని వదిలి తీసుకుంది. ఆ ఊపిరి తుంపర ఆమె చెంప మీద పడింది. పెదవికి పచ్చిగడ్డి రుచి తగిలింది.

ముక్కురంధ్రాలు మూతల్లా మూసుకున్నాయి. అది మునిగింది. ఆమె మునగలేదు. అద్దంలోంచి కిందికి చూస్తూ ఉండిపోయింది. అది మళ్ళీ గడ్డి మీదికి చేరి, పసుపు చేపలు ముందు నడవగా, మేసుకుంటూ మేసుకుంటూ లోతు నీలంలోకి పోయింది.

రంజిత్ అద్దం నుదుటి మీదికి తోసి, అది పోయిన వైపే చూస్తున్నాడు. పడవలో సింధుజ చేతిలోని ఫోను ఆన్ చేయడమే మర్చిపోయింది. చాలాసేపటికి బిశ్వాస్ తెడ్డు అందుకున్నాడు.

"దానికి నేను గూడ నీళ్ళల్ల ఉండే పానమే అనిపించినట్టున్నది" అంది నిర్మల.

ఈ సంగతి ఆ దీవుల్లో డుగాంగ్‌లను లెక్కపెట్టే ఒక పరిశోధకురాలికి చేరింది. ఆమె వచ్చి నిర్మలను ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నీ అడిగింది. మేత బాటలు ఎన్ని, ఎంత వెడల్పు, ఏ గడ్డి, ఏ వేళ? నిర్మల ఇసుక మీద పుల్లతో గీసి చూపించింది. వీపు మీద గాట్లు కూడా ఎన్నో, ఏ పక్కనో గీసింది. ఆ గీతల ఫోటోలు తీసుకున్న పరిశోధకురాలు, వచ్చే చలికాలం రెండు నెలలు తమతో పనిచేయడానికి వస్తారా అని అడిగింది. బుడగలు లేకుండా దిగి, చూసిన మేతను మేతగా గుర్తుపట్టగల మనిషి తమకు లేరంది.

నిర్మల ఇంటికొచ్చాక ఫాంహౌస్ పనివాళ్ళు, పక్క పూలతోట ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఆమె చేతులు తిప్పుతూ, మాటలు దొరక్క ఆగుతూ చెప్పింది. సంగమ్మ అంతా విని ఒకే ప్రశ్న అడిగింది.

"పాలిస్తదా?"

"పిల్లకిస్తదట అత్తా. రెక్క కింద పెట్టుకుని."

"సముద్రంల పాలిచ్చుడా!" సంగమ్మ ముక్కు మీద వేలేసుకుంది. ఆ సాయంత్రం గేటు దగ్గరికి ఎవరు వచ్చినా వాళ్ళకు తానే చూసినట్టు చెప్పింది.

హన్మంతు మాత్రం నమ్మీ నమ్మనట్టే ఉన్నాడు. అతనికి ఈత రాదు, నీళ్ళంటే భయం. అయినా ఈ చలికాలం నిర్మల డుగాంగ్‌లను లెక్కపెట్టే ఆ పనికి వెళ్ళినప్పుడు, సంగమ్మను తన చెల్లెలి ఇంట్లో దించి, వారం రోజులుండి రావడానికి తానూ వెళ్ళాడు. బిశ్వాస్ పడవ నడుమ, రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని కూర్చున్నాడు. నిర్మల అద్దం పెట్టుకుని నీళ్ళలో ఉంది. ఐదో పొద్దున ఆమె తల పైకెత్తి, మాట్లాడకుండా వేలితో చూపించింది.

పడవకు కొంచెం దూరంలో నీళ్ళు మెత్తగా ఉబ్బి, ఒక ముక్కు పైకొచ్చి భుస్సుమంది. దాని పక్కనే, వీపుకు ఆనుకుని, పిడికెడంత చిన్న ముక్కు ఇంకొకటి. అది కూడా చిన్నగా భుస్సుమంది.

హన్మంతు పడవ అంచులు వదిలేశాడు. తలకు చుట్టుకున్న రుమాలు మెల్లగా విప్పి, ఒళ్ళో పెట్టుకున్నాడు. నీళ్ళు మళ్ళీ సమమై, సుడి కూడా మాసిపోయాక అడిగాడు.

"నిర్మలా, మల్ల ఎప్పుడొస్తయి పైకి?"

"ఉండు. నాలుగైదు నిమిషాలైతది."

ఇద్దరూ అటే చూస్తూ ఉండిపోయారు.